వైద్యం తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. ఇటువంటి సభల్లో ఆరోగ్యమంటే సాధారణంగా నీళ్ళు కాచి తాగండి, బీడీ సిగరెట్లు మానండి, పిల్లలకు టీకాలు వేయించండి అని చెప్పి ముగిస్తారు. అవన్నీ మంచి మాటలే, కాదనం. కాని ఈ రోజు మేము వేరొక సంగతి ఎత్తుకోదలిచాం. వైద్యం అందక మనుషులు చనిపోతారని మనకందరికీ తెలుసు. అక్కరలేని వైద్యం జరిగి కూడా మనుషులు నష్టపోతారని మాత్రం మనం అంతగా అనుకోం. ఈ రెండూ ఒకే దేశంలో, ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే కప్పు కింద జరుగుతున్నాయి.

మేము ఎరిగిన ఒక ఇంటి సంగతి చెబుతాం. పేర్లు అక్కరలేదు. ఆ ఇంటి కోడలికి తొలి కాన్పు. నెలలు నిండాయి, నొప్పులు ఇంకా రాలేదు. బిడ్డ బాగానే ఉందన్నారు. అయినా "ఎందుకొచ్చిన గొడవ, ఆపరేషన్ చేసేద్దాం" అన్నారు. ఇంట్లోవాళ్ళూ సరేనన్నారు. బిల్లు కట్టడానికి ఆ అమ్మాయి గాజులు తాకట్టుకు వెళ్ళాయి. అదే ఇంటి వెనక గదిలో తాతగారు నోటి కేన్సరుతో పడి ఉన్నాడు. "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి" అని ఆసుపత్రిలో చెప్పి పంపేశారు. రాత్రిపూట ఆయన మూలుగు వీధి మలుపుదాకా వినిపించేది. ఆ నొప్పికి మందు ఉంది. అది చవకైన మందే. ఆయన కన్ను మూసేదాకా అది ఆయనకు అందలేదు.

ఆ ఇంట్లో ఒకరికి అక్కరలేనిది జరిగింది, మరొకరికి అక్కరైనది జరగలేదు. ప్రపంచం మొత్తం కథ ఈ ఒక్క ఇంట్లో ఉన్నదని మాకనిపిస్తుంది.

ముందుగా ఒక పాత ముచ్చట. 1934లో అమెరికాలోని న్యూయార్క్‌లో పదకొండేళ్ళ బడిపిల్లలను వెయ్యిమందిని తీసుకుని గొంతులోని టాన్సిల్స్ సంగతి చూశారు. వారిలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేసి ఉన్నాయి. మిగిలిన 389 మందిని డాక్టర్లకు చూపిస్తే 174 మందికి తీసేయాలన్నారు. అక్కరలేదన్న 215 మందిని వేరే డాక్టర్ల దగ్గరికి పంపితే, వారిలో 99 మందికి తీసేయాలన్నారు. ఇంకా మిగిలిన 116 మందిని మూడోసారి మరికొందరు డాక్టర్లకు చూపిస్తే, మళ్ళీ దాదాపు సగం మందికి ఆపరేషన్ చెప్పారు. చివరికి ఆ వెయ్యిమందిలో 65 మంది మాత్రమే మిగిలారు. ఆ డాక్టర్లు దొంగలని మేము అనడం లేదు. చూసినప్పుడల్లా సగం మందికి చేయాలి అన్నది వారి అలవాటైపోయింది. పిల్లవాడి గొంతు కంటే ఆ అలవాటే ఎక్కువ నిర్ణయించింది.

ఇది ఒకవైపు. రెండోవైపు చూపించినవాడు జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు. వేల్స్ ప్రాంతంలో బొగ్గుగని కార్మికుల పల్లెలో వైద్యం చేసినవాడు. 1971లో ఆయన ఒక వ్యాసం రాశాడు. జబ్బు ఎక్కువ ఉన్నచోట మంచి వైద్యం తక్కువగా ఉంటుంది, జబ్బు తక్కువ ఉన్నచోట ఎక్కువగా ఉంటుంది, వైద్యాన్ని బజారు సరుకుగా వదిలేసినకొద్దీ ఈ తేడా పెరుగుతుంది అని ఆయన చెప్పిన మాటల సారాంశం. మన పెద్దలు దీన్నే ఎండిన చేనుకు కాకుండా నిండిన చెరువుకు నీళ్ళు పెట్టడం అంటారు.

ఇప్పుడు కాన్పుల విషయానికి వద్దాం. దీని మీద కాసేపు నిలబడి మాట్లాడతాం. ఎందుకంటే ఇది ప్రతి ఇంటి వ్యవహారం, పైగా మన తెలుగు రాష్ట్రాలకు బాగా తగిలే వ్యవహారం.

సిజేరియన్ ఆపరేషన్ గొప్ప వరం. బిడ్డ అడ్డం తిరిగితే, మాయ కిందకు వచ్చి రక్తం పోతుంటే, గంటల తరబడి నొప్పులు పడినా బిడ్డ దిగకపోతే, బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతుంటే ఆ ఆపరేషన్ ఇద్దరి ప్రాణాలు నిలుపుతుంది. ఇందులో సందేహం లేదు. అయితే ఎంతమందికి అది అవసరం? 1985లో బ్రెజిల్ దేశంలోని ఫోర్టలేజా నగరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున నిపుణులు కూర్చుని, ఏ ప్రాంతంలోనైనా నూటికి 10 నుంచి 15 కంటే ఎక్కువ కాన్పులకు ఆపరేషన్ కావడానికి కారణం కనబడదన్నారు. 2015లో ఆ సంస్థే మళ్ళీ పరిశీలించి, నూటికి 10 దాటిన తర్వాత తల్లుల మరణాలు, పసిబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు దాఖలా లేదని చెప్పింది. అంకె కోసం పాకులాడకండి, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందేట్టు చూడండి అని కూడా చెప్పింది. ఈ రెండో మాటను మనం మరిచిపోకూడదు.

మరి జరుగుతున్నదేమిటి? 2015 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో నూటికి 21 కాన్పులు ఆపరేషన్ మీదే జరిగాయి. డొమినికన్ రిపబ్లిక్ అనే చిన్న దేశంలో నూటికి 58. దక్షిణ సూడాన్‌లో నూటికి ఒకటి కూడా లేదు, 0.6 మాత్రమే. అంటే ఒకచోట ప్రతి రెండో తల్లికీ కత్తి తగిలింది, మరోచోట కత్తి తగిలితే బతికే తల్లికి కూడా అది అందలేదు. 2023లో కాన్పు, గర్భం మూలంగా ప్రపంచంలో సుమారు 2,60,000 మంది స్త్రీలు చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రోజుకు ఏడువందల మందికి పైగా. వారిలో నూటికి 70 మంది సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాల తల్లులే. అక్కడ సమయానికి కోత అందక కడుపుకోత. మన దగ్గర అక్కర లేకుండానే కడుపు కోత. 2016లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో నిపుణులు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకచోట వైద్యం ఆలస్యంగా అరకొరగా అందుతోంది, మరోచోట తొందరపడి అతిగా చేస్తున్నారు, ఈ రెండూ తల్లికి చేటే అని తేల్చారు.

మన సంగతి చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్లు నూటికి 21.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలో నూటికి 81.5. సర్కారు దవాఖానాల్లో కూడా 44.5 ఉన్నది. ప్రైవేటులో కాన్పుకు వెళ్ళిన అయిదుగురిలో నలుగురు కోత పడి వచ్చారన్నమాట. మన ఆడపిల్లల ఒంటి నిర్మాణం దేశంలో మిగిలిన ఆడపిల్లల కంటే వేరుగా ఉందా? లేదే!

"ఆపరేషన్లు ఎక్కువ చేయబట్టే మన దగ్గర తల్లుల చావులు తగ్గాయి" అని కొందరంటారు. అది కూడా చూద్దాం. 2018–20 లెక్కలలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు దేశంలో 97, అస్సాంలో 195, తెలంగాణలో 43, కేరళలో 19. తెలంగాణ సాధించింది తక్కువేమీ కాదు, సంతోషించాలి. కాని కేరళలో అదే సర్వే ప్రకారం సిజేరియన్లు నూటికి 38.9. తెలంగాణ కంటే కోతలు తక్కువ, చావులూ తక్కువే. కాబట్టి కోత పెంచుతూ పోతే ప్రాణాలు నిలుస్తూ పోతాయన్నది నిజం కాదు.

అక్కరలేని ఆపరేషన్‌కు ఖరీదు డబ్బు ఒక్కటే కాదు. రక్తం ఎక్కువ పోతుంది, కుట్లు చీము పట్టవచ్చు, మత్తుమందు తాలూకు ప్రమాదం ఉంటుంది, బిడ్డకు చనుపాలు పట్టడం ఆలస్యమవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మరుసటి కాన్పు కష్టమవుతుంది. గర్భసంచి మీద పాత కోత మచ్చకు మాయ అతుక్కుపోతే ఆ తల్లి ప్రాణానికే ముప్పు. కోతలు పెరిగినకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. ఒకటి రెండు పురుళ్ళతో సరిపెట్టుకోని ఇళ్ళలో దీని గురించి మరీ ఆలోచించాలి.

తప్పు ఎవరిదంటే వేలు ఒక్కరి వైపు చూపలేం. మామూలు కాన్పుకు పది, పన్నెండు గంటలు పక్కన మనిషి ఉండాలి. ఆపరేషన్ గంటలోపు అయిపోతుంది, బిల్లూ పెద్దది. రాత్రిపూట మత్తు డాక్టరు దొరకడు కాబట్టి పగలే చేసేద్దామంటారు. బిడ్డకు ఏదైనా అయితే బంధువులు అద్దాలు పగలగొడతారని డాక్టరుకు భయం. ఇటు మనవాళ్ళు కొందరు మంచి రోజు, మంచి గడియ చూసి వచ్చి ఆ టైముకే బిడ్డను తీయమంటారు. కొందరు నొప్పులు పడలేమంటారు. అందరూ కలిసి కత్తికి పదును పెట్టినవారమే.

దీనికి దారి లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో నర్సులకు మంత్రసాని పనిలో ఆధునిక శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్ర ప్రభుత్వం కూడా దేశమంతటికీ ఇటువంటి పద్ధతికి మార్గదర్శకాలు విడుదల చేసింది. ధైర్యం చెప్పే మనిషి, నడిపించే మనిషి, ఎప్పుడు డాక్టరును పిలవాలో తెలిసిన మనిషి పక్కన ఉంటే చాలా కాన్పులు మామూలుగా అవుతాయి. మన నానమ్మల కాలపు మంత్రసానికి చదువు, శుభ్రత, పక్కనే ఆపరేషన్ గది కలిపితే అదే ఈ పద్ధతి.

కాన్పు తర్వాత గర్భసంచి. చెప్పడానికి కొంచెం మొహమాటమే అయినా అక్కచెల్లెళ్ళ కోసం చెప్పక తప్పదు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సుమారు నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేశారని ఆ సర్వే చెబుతోంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అది దరిదాపు ఎనిమిది, తొమ్మిది. తెల్లబట్ట అవుతుందనో, నడుం నొప్పి అనో వెళితే "తీసేయకపోతే కేన్సరు అవుతుంది" అనే ఒక్క మాటతో ముప్పై ఏళ్ళు దాటగానే తీసేసిన ఇళ్ళు మేము చూశాం. కొన్ని రాష్ట్రాల్లో ఇటువంటి అక్కరలేని ఆపరేషన్ల మీద వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వీటిని ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇందులో మన గుండె తరుక్కుపోయే విషయం వేరే ఉంది. కేన్సరు భయం చెప్పి గర్భసంచి తీస్తారు గాని, కేన్సరు ముందే పట్టుకునే చిన్న పరీక్ష మాత్రం చేయరు. 2019–21 సర్వే నాటికి 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయ ముఖద్వార కేన్సరుకు జీవితంలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవారు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు, 1.9 మాత్రమే. 2022లో ఈ కేన్సరుతో ప్రపంచంలో సుమారు 3,50,000 మంది చనిపోయారు. వారిలో నూటికి 94 మంది పేద, మధ్యతరగతి దేశాలవారే. బొంబాయి మురికివాడలలో టాటా ఆసుపత్రి వారు లక్షన్నర మంది స్త్రీలతో ఒక పరిశీలన చేశారు. కొద్దిపాటి చదువు, శిక్షణ ఉన్న ఆరోగ్య కార్యకర్తలు వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్ని అద్ది చూసే పరీక్ష చేస్తే, ఈ కేన్సరు మరణాలు నూటికి 31 తగ్గాయి. వంటింట్లో దొరికే పులుపు వంటిది ప్రాణం నిలుపుతున్నది. అది చేసేవారు లేరు, వేలు ఖర్చయ్యే ఆపరేషన్‌కు మాత్రం మంచాలు ఖాళీ లేవు.

పరీక్షలన్నీ మంచివేనా అంటే అదీ కాదు. దక్షిణ కొరియాలో 1999 తర్వాత మిగిలిన కేన్సరు పరీక్షలతో పాటు కొద్ది రుసుముతో మెడ మీద థైరాయిడ్ స్కానింగు కూడా చేయించుకోవడం అలవాటైంది. 2011 నాటికి థైరాయిడ్ కేన్సరు కేసులు 1993 నాటికంటే పదిహేను రెట్లు పెరిగాయి. ఆ కేన్సరుతో చనిపోయేవారి సంఖ్య మాత్రం మారలేదు. అంటే జన్మంతా ఏమీ చేయకుండా పడి ఉండే చిన్న గడ్డలను వెతికి పట్టి, వేలమంది మెడలు కోసి, బతికినంతకాలం మాత్రలు మింగేట్టు చేశారు. 2014లో ఆ దేశపు డాక్టర్లే కొందరు ముందుకు వచ్చి ఇది వద్దని చెప్పాక ఆపరేషన్లు తగ్గాయి. డాక్టర్లు తమ తప్పు తామే చెప్పుకోవడం గొప్ప విషయమని మేమంటాం.

ఇక మన పల్లెల్లో, బస్తీల్లో కనిపించే సెలైను సీసా సంగతి. నీరసంగా ఉంటే "ఒక బాటిల్ ఎక్కించండి డాక్టరుగారూ" అని మనమే అడుగుతాం. అర లీటరు గ్లూకోజ్ సీసాలో ఉండే గ్లూకోజ్ 25 గ్రాములు. అంటే అయిదారు చెంచాల పంచదార! ఇంట్లో రెండు కప్పుల చాయ్ తాగితే వచ్చే బలానికి సూది గుచ్చుకుని, వందలు పోసి వస్తున్నాం. అదే విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డకు కావలసిన ఓ.ఆర్.ఎస్. పొట్లం మాత్రం ఇవ్వడం మరిచిపోతాం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో సరిహద్దు దగ్గర బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది. సెలైను సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ అనే మహానుభావుడు గ్లూకోజ్, ఉప్పు, సోడా ఉప్పు లెక్కప్రకారం నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో పెట్టించి తాగించాడు. నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట మరణాలు నాలుగు లోపుకు దిగాయి. యాభై ఏళ్ళు గడిచాక కూడా, 2019–21 సర్వేలో విరేచనాలైన పిల్లల్లో ఓ.ఆర్.ఎస్. అందినవారు నూటికి 60.6. మిగిలిన నలభై మందికి ఆ నీళ్ళు లేవు. చాలాచోట్ల పనికిరాని యాంటీబయాటిక్ సీసా మాత్రం ఉంటుంది.

ఆఖరుగా నొప్పి. మొదట చెప్పిన తాతగారి దగ్గరికి తిరిగి వద్దాం. ఆయనకు కావలసిన మందు పేరు మార్ఫిన్. నల్లమందు నుంచి తీస్తారు. ఆ నల్లమందు గసగసాల పంటను మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సు మీద పండిస్తారు. 2017లో ఒక అంతర్జాతీయ నిపుణుల సంఘం లెక్క కట్టింది. ప్రపంచంలో ఏటా పంపిణీ అయ్యే ఇటువంటి నొప్పి మందులు, మార్ఫిన్ లెక్కన, 298.5 టన్నులు. అందులో బాగా పేద దేశాలకు చేరేది 0.1 టన్ను. ఇటు అమెరికాలో 1990ల నుంచి మామూలు నడుం నొప్పులకు కూడా ఈ జాతి మాత్రలు విచ్చలవిడిగా రాశారు. చీటీ మీద మొదలైన అలవాటు దొంగ మందులదాకా పోయి, 2021 ఒక్క ఏడాదిలో 80,000 మందికి పైగా ఈ జాతి మందుల వల్ల ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకే మందు అక్కడ పొంగి చంపింది, ఇక్కడ అందక ఏడిపించింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక భయంతో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి సులువు చేసినా, మనసుల్లో భయం ఇంకా పోలేదు.

కేరళవారు దారి చూపారు. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ మొదలైనవారు నొప్పి ఉపశమన సంఘం పెట్టారు. తర్వాత మలప్పురం జిల్లాలో మామూలు జనం, అంటే దుకాణదారులు, విద్యార్థులు, గృహిణులు చిన్న చిన్న విరాళాలు పోగుచేసి, మంచాన పడ్డవారి ఇళ్ళకు నర్సుతో పాటు వెళ్ళి చూసి రావడం మొదలుపెట్టారు. పుండ్లు కడగడం, మందు ఇవ్వడం, పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పడం వారి పని. కోట్ల రూపాయల యంత్రం ఏదీ లేదు. మనసున్న మనుషులున్నారు, అంతే. మన వీధుల్లో మాత్రం అటువంటి మనుషులు లేరా?

సోదర సోదరీమణులారా, ఇంతా విని "అయితే డాక్టర్లను నమ్మవద్దంటారా?" అని అడగవచ్చు. అలా అననే అనం. ఆయాసం వస్తే, గుండెలో నొప్పి వస్తే, మూతి వంకరపోతే, గర్భవతికి రక్తం పోతే, ఫిట్స్ వస్తే, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉంటే ఒక్క క్షణం ఆలోచించవద్దు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పరుగెత్తండి. అక్కడ ప్రశ్నలు వేస్తూ కూర్చోవద్దు.

అత్యవసరం కానప్పుడు మాత్రం మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఇప్పుడే చేయాలా, కొన్నాళ్ళు ఆగి చూడవచ్చా? చేయకపోతే ఏమవుతుంది? చేస్తే వచ్చే ఇబ్బందులేమిటి? ఇంతకంటే తక్కువతో పోయే మార్గం ఉందా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోడు. పెద్ద ఆపరేషన్ అంటే మరొక డాక్టరుకు కూడా చూపించండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగకపోతే అక్కరలేనిది పెడతారని కూడా ఇప్పుడు చెప్పుకోవాలి. అలాగే డాక్టరు "మందు అక్కరలేదు, మూడు రోజుల్లో అదే తగ్గుతుంది" అంటే సంతోషంగా ఇంటికి రండి. సూది వేయలేదని పక్క వీధి డాక్టరు దగ్గరికి పోకండి.

మనం కలిసి చేయగలిగిన పనులు కూడా కొన్ని ఉన్నాయి. ప్రతి వీధిలో ఇద్దరు చదువుకున్న అమ్మాయిలు గర్భవతుల పేర్లు రాసుకుని, సర్కారు దవాఖానాకు నెలనెలా వెంటబెట్టుకుని వెళ్ళవచ్చు. ముప్పై దాటిన అక్కచెల్లెళ్ళను ఆ చిన్న కేన్సరు పరీక్షకు తీసుకువెళ్ళవచ్చు. ప్రతి ఇంట్లో రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉండేట్టు చూడవచ్చు. మంచాన పడ్డవారి జాబితా రాసుకుని, వారానికొకసారి తలుపు తట్టవచ్చు. ఇందులో ఏ ఒక్కదానికీ భవనం అక్కరలేదు, శంకుస్థాపన అక్కరలేదు.

కూరలో ఉప్పు తక్కువైతే చప్పన, ఎక్కువైతే నోట పెట్టలేం. ఎంత వేయాలో చెయ్యి తిరిగిన ఇల్లాలికి తెలుసు, ఎందుకంటే ఆమె రుచి చూస్తూ వండుతుంది. వైద్యం కూడా మనిషిని చూస్తూ చేయవలసిన పని. అంతేగాని బిల్లు చూసి కాదు, భయం చూసి కాదు. ఆ ఇంటి కోడలు ఇప్పుడు రెండో కాన్పుకు సిద్ధమవుతున్నది. మొన్న మమ్మల్ని కలిసినప్పుడు "ఈసారి డాక్టరమ్మను ఏం అడగాలో రాసివ్వండి" అన్నది. రాసిచ్చాం. మొదటి కోత అయినవారికి మామూలు కాన్పు కుదరవచ్చు, కుదరకపోవచ్చు, అది డాక్టరమ్మ చూసి చెప్పాలి. కాని ఆ అమ్మాయి ఈసారి అడిగి తెలుసుకుని ఒప్పుకుంటుంది. తాతగారికి మాత్రం ఆ అవకాశం రాలేదు. అటువంటి తాతగారు మన వీధిలో ఇంకొకరు ఉండకూడదన్నదే మా విన్నపం.